తెగిన పోగు పలికింది

గద్వాలలో ధర్మయ్య మగ్గం మీద అదే ఆఖరి చీర అయ్యేలా ఉంది. అంతకు ముందు నేసిన రెండింటిలోనూ అంచు పోగు తెగినా చూసుకోలేదు. పట్టు అంచు పొడవునా సన్నటి గీత పడింది. నేతకు పడుగు నూలు ఇచ్చే సావుకారు మహిపాల్ మెత్తని మనిషి, ఆ మాట కూడా మెత్తగానే అనేసి వెళ్లాడు.

"ధర్మన్నా, కండ్లు ఆనుతలేవా ఏంది? ఈ చీరల గూడ గీత పడితే ఇంగ పడుగు ఇయ్య."

"నా కండ్లకేమైంది!" అని ధర్మయ్య ఇల్లెగిరిపోయేలా అరిచాడు. సూదిలో దారం ఎక్కించడానికి రోజూ కూతుర్ని పిలిచే సంగతి ఆ కోపంలో గుర్తుకు రాలేదు పాపం.

కూతురు వీణకు గుర్తుంది. డిగ్రీ చదువుతున్న ఆ పిల్ల మైక్రోకంట్రోలర్ బోర్డు ఒకటి తెప్పించింది. ఏం చెయ్యాలో మనం రాసిస్తే అది చేసిపెట్టే చిన్న పలక, అరచేతిలో పడుతుంది. దాన్ని ఫోన్ చార్జింగు వైరుతో ల్యాప్‌టాప్‌కు కలిపి, అది పలకకపోతే పొద్దంతా బోర్డునే తిట్టింది. ఆ వైరు కరెంటు మోస్తుంది గానీ కబురు మోయదని తెలిసి వేరే వైరు తెచ్చాక, బోర్డు మీది లైటు మిణుకుమిణుకుమంది. వీణ గంతేసింది.

"గీ మిణుగురు కోసమా ఇంత లొల్లి? నా మగ్గం జోలికి మాత్రం రాకు," అన్నాడు ధర్మయ్య.

ఆయన అన్నానికి లేవగానే వీణ మగ్గం జోలికే వెళ్లింది. ఎప్పుడూ తెగేవి అంచు చివరి పోగులే. వాటికి తలా ఒక పిన్నీసు వేలాడదీసింది. కింద అట్టముక్క మీద తొక్క తీసిన రెండు వైర్లు పరిచి, చిన్న బజర్ బిగించిన బోర్డుకు కలిపింది. పోగు తెగితే పిన్నీసు రెండు వైర్ల మీదా పడాలి, బజర్ మోగాలి.

ఒక్క పోగూ తెగలేదు, బజర్ మాత్రం గుక్కపట్టి ఏడ్చింది. ప్రోగ్రాం తిరగరాసినా ఆగలేదు.

"నాయినా, జర ఓపిక పట్టు!"

"ఓపిక లేదు, చెవులు పోతున్నయ్. అవతల పారెయ్ దాన్ని!"

కళ్లలో నీళ్లు తిరుగుతుండగా వీణ వైర్లు విడదీయబోయింది. వైర్లను అట్టకు కట్టిన ముడి కత్తిరించగానే బజర్ ఆగింది. చేతిలోకి తీసి చూస్తే అది జరీ ముక్క. నేత ఇంట్లో సంచీ మూతి దగ్గర్నుంచి చీపురు దాకా కట్టేది మిగిలిన జరీతోనే. ఎంత చదివినా చేతికి అదే అలవాటు. ఆ జరీలో ఉన్నది లోహపు తీగ. రెండు వైర్లనూ కలిపేసింది అదే.

తిట్టుకోబోయి ఆగింది. వైర్లు రెండు గీతలే, పిన్నీసు పక్కన పడితే అంతే సంగతులు. జరీ అయితే అట్ట నిండా చుట్టొచ్చు! వైర్లు తీసేసి, మధ్యలో సన్నటి సందు వదిలి, అటొక జరీ పట్టీ, ఇటొక జరీ పట్టీ చుట్టి, బోర్డుకు కలిపింది. పిన్నీసు వేసి చూసింది. కూసింది. తీసింది. ఊరుకుంది. వీణకు ఏనుగెక్కినంత సంబరమైంది. ఉత్తప్పుడు కూయడం లేదని చూసి, ధర్మయ్య గొణుక్కుంటూనే దాన్ని మగ్గం కింద ఉండనిచ్చాడు.

చీర ముగింపుకు వచ్చినప్పుడు మహిపాల్ వచ్చి మగ్గం పక్కనే నిలబడ్డాడు. ధర్మయ్య అడ్డపోగు మోసే నాడె విసురుతున్నాడు. ఉన్నట్టుండి బజర్ కూసింది. సావుకారు ఉలిక్కిపడ్డాడు. ధర్మయ్య తాపీగా చేయి ఆపి, పడిన పిన్నీసు దగ్గర వేళ్లతో తడిమి, తెగిన పోగును అతికి, మళ్లీ నేత అందుకున్నాడు.

మహిపాల్ అంచంతా వేలు పెట్టి చూశాడు. గీత లేదు.

"కొత్త పడుగు రేపే పంపిస్త. గీ కూసేది మా మిగతా మగ్గాలకు గూడ కావాలె, ధర్మన్నా. యాడ దొరుకుతది?"

"యాడా దొరకదు. నా బిడ్డనడుగు."

"అంటే కండ్లు మసకైనయ్ అన్నట్టే గదా?"

వీణ నాయిన వైపు చూసింది. ఈసారి ధర్మయ్య అరవలేదు.

"మసకైనయ్, సావుకారు. అయితే ఏంది? చెవులు మంచిగున్నయ్!"