ఉమ్మేసే మాత్ర

తిరుపాలమ్మ నోరు మండబట్టి ఏడాది. నాలుక మీద పుండు లేదు, పొక్కు లేదు. అయినా పొద్దెక్కేకొద్దీ పచ్చిమిరపకాయ కొరికినంత మంట.

ఆ మంటకు సంబరపడ్డవాడు ఊళ్లో ఒక్కడే, చనిపోయిన ఆమె భర్తకు అన్న, ఆదెప్ప. తమ్ముడు పోగానే చెనిక్కాయ చేను గట్టురాయిని మూడు బారలు ఆమె చేలోకి జరిపి పాతిన ఘనుడు. రాయి జరిపింది అతనేనని తిరుపాలమ్మ పీర్లచావిడి ముందు ప్రమాణం చేసింది. నెల తిరక్కుండా నోరు మండింది. ఇంకేముంది, ఆదెప్పకు పండగే.

"అబద్ధమాడిన నోరప్పా! పీర్లస్వామి ఊరికే ఇడుస్తాడా?" అని టీకొట్టు దగ్గర రోజూ అదే పాట.

టౌనులో పళ్ల డాక్టరు రెండు మంచి పళ్లు పీకాడు. పళ్లు పోయాయి, మంట పోలేదు. పసరు పూసినాయనకు కోడిపుంజు దక్కింది, ఆమెకు వాంతులు దక్కాయి. చివరికి కొడుకు ఓబిలేష్ కూడా, "తప్పైందని ఒక్క మాట అనుమా, పీడ పోతాది" అన్నాడు. గట్టు పోయినప్పుడు రాని ఏడుపు ఆమెకు అప్పుడొచ్చింది. కన్నకొడుకే తనను అబద్ధాలకోరు అనుకుంటున్నాడు.

ఒక్కతే బస్సెక్కి బత్తలపల్లె ఆస్పత్రికి పోయింది. డాక్టరమ్మ రక్తపరీక్షలన్నీ చూసింది.

"నాలుక బాగానే ఉండాది పెద్దమ్మా. ఇది నరాల మంట. ముట్లు ఆగిన ఆడోళ్లకు ఎక్కువొస్తాది. పూర్తిగా పోతాదని మాటియ్యలేను, తగ్గించొచ్చు. ఘాటు పేస్టు మానెయ్. ఈ మాత్ర మింగొద్దు. కరిగినాక మూడు నిమిషాలు నోట్లోనే పెట్టుకొని ఉమ్మెయ్."

ఆమెతో తప్పు ఒప్పించాలని శుక్రవారం మధ్యాహ్నం ఆదెప్ప చావిడి ముందు పదిమందిని పోగేశాడు. మాత్ర వేళా అదే. తిరుపాలమ్మ మాత్ర నోట్లో వేసుకునే వచ్చి నిలబడింది.

"తప్పైందని చెప్పు!" అన్నాడు ఆదెప్ప. ఆమె పలకలేదు.

"సూడండప్పా! స్వామి ముందర నోరు పడిపోయినాది!"

ఓబిలేష్ తల దించుకున్నాడు. ఆదెప్ప మీసం దువ్వుకున్నాడు, ఆ మొహానికి అదొక్కటే తక్కువైనట్టు.

మూడు నిమిషాలు నిండాయి. తిరుపాలమ్మ చావిడికి వీపు తిప్పి, ఆదెప్ప రెండు చెప్పుల మధ్య ఉమ్మింది.

"నోరు పడిపోలేదు బావా, మందేసుకున్యా. గట్టురాయి కింద మీ నాయన హద్దు గుర్తుకని పోసిన బొగ్గులు పాత జాగాలోనే ఉండాయి. ఆ పొద్దే తవ్వుదామంటే ఎవురొచ్చినారు? ఇప్పుడన్నా రా, తవ్వుదాం."

ఆదెప్ప ఒక అడుగు వెనక్కేశాడు. ఎవరూ చెప్పకుండానే ఓబిలేష్ గడ్డపార తేవడానికి ఇంటికి పరిగెత్తాడు.