ఊపిరి ఈల

అమ్మలారా, అక్కలారా! ఇంటిల్లిపాదీ లేచాక తాపీగా లేచే కోడలిని చూసి మనం ఏమనుకుంటాం? బద్ధకం అనుకుంటాం. పుట్టింట్లో గారాబం ఎక్కువైందనుకుంటాం. నేనూ అలాగే అనుకునేదాన్ని. కొరియాలోని మా జెజూ దీవిలో, మా పక్కింట్లో జరిగిన ఈ సంగతి చూశాక నోరు కాస్త అదుపులో పెట్టుకుంటున్నాను.

పక్కిల్లు చున్‌వాది. అరవై రెండేళ్ల మనిషి. సముద్రంలో మునిగి గుల్లలూ, నత్తలూ, నాచూ తెచ్చే మా ఊరి ఆడవాళ్లలో ఆమె చెయ్యి చాలా మంచిది. కొడుకు సంగ్‌ఊ కమలాపళ్ల గోదాములో పని చేస్తాడు. కోడలు దాన్‌బీ సముద్రం అవతల తెగూ పట్నం పిల్ల. అప్పటికి ఏడో నెల.

"ఏమే, ఎండ గోడెక్కింది! గంజి చల్లారిపోతోంది. నీకింకా తెల్లారలేదా?" అని పెరట్లోంచి కేకేసేది చున్‌వా.

"వస్తున్నానత్తయ్యా!" అనేది దాన్‌బీ.

ఆ మాటకీ, ఆ పిల్ల గుమ్మంలో కనబడటానికీ మధ్య అరగంట గడిచేది.

ఆ అరగంటా గదిలో ఏం జరిగేదో తర్వాత ఆ పిల్లే నాకు చెప్పింది. నేల మీద పరుపు. వెల్లకిలా ఉన్న మనిషి ఎడమ పక్కకి తిరగాలి. కాలు కాస్త కదిపితే చాలు, గజ్జల్లో చురుక్కున పొడిచి నొప్పి తుంటి దాకా గుంజేది. ఊపిరి బిగబట్టి, దుప్పటి కొస పళ్ల మధ్య కరుచుకుని, ముందు ఒక కాలు, వెనక ఇంకో కాలు జరుపుకునేది. పక్కకి తిరిగేసరికి నుదుటి మీద చెమట పట్టేది. ఇక లేచి కూర్చోవడం ఇంకో ప్రయాణం.

మరి నోరు తెరిచి చెప్పొచ్చుగా అంటారు. ఎలా చెబుతుందండీ? కాపురానికొచ్చిన వారంలోనే అత్తగారు తన ఘనత వినిపించింది: "సంగ్‌ఊ కడుపులో ఉండగా తొమ్మిదో నెల దాకా మునిగాను. పొద్దున గంపెడు గుల్లలు తెచ్చాను, సాయంత్రం వీణ్ణి కన్నాను!" దాన్‌బీకేమో కాన్పయ్యాక తనూ అత్తతో పాటు మునగాలని ఆశ. అందుకు అత్త నోటి నుంచి ఒక మంచి మాట రావాలి. "మరి నొప్పొస్తే ఏం చేస్తారత్తయ్యా?" అని ఓసారి అడిగింది కూడా. "ఏముంది, ఊపిరి బిగబట్టడమే! మన విద్యే అది కదా" అంది చున్‌వా. పిచ్చిపిల్ల ఆ మాటనే పట్టుకుంది.

పరుపు మీద పక్కకి తిరగలేనిది సముద్రంలో ఏం మునుగుతుందని నవ్వుతారేమోనని సిగ్గు. లోపల బిడ్డకేమైనా అయిందేమోనని బెంగ. నెలనెలా డాక్టరమ్మ "ఏమైనా ఇబ్బందా?" అని అడిగితే, పక్కనే కూర్చున్న అత్త వంక చూసి "ఏం లేదండీ" అనేది. మొగుడు అడిగినా అదే జవాబు.

చివరికి ఓ రోజు తిండి దగ్గర తల వంచుకుని చెప్పింది. "అత్తయ్యా, ఆదివారం అమ్మ దగ్గరికి వెళ్లిపోతాను. కాన్పు అక్కడే."

చున్‌వా చెంచా కింద పెట్టేసింది. మనవడో మనవరాలో తన ఇంట్లో పడుకోవాలని పాత సంచులు ఉతికి, దూది కొట్టించి, చిన్న పరుపు కుట్టి పెట్టుకుంది పాపం. "నీ ఇష్టం" అని లేచి వెళ్లిపోయింది.

మర్నాడు నీళ్లలోంచి వచ్చి అందరం ఒడ్డున నల్లరాళ్ల గోడ చాటున నిప్పు చుట్టూ చేరాం. కడుపులో ఉన్నదంతా మా వాళ్లు కక్కుకునేది అక్కడే. చున్‌వా కళ్లనీళ్లు పెట్టుకుంది.

"నా ఇల్లు గిట్టలేదు దానికి. నా మొహమే గిట్టలేదు. మొన్న తలుపు సందులోంచి చూశాను. పళ్లు కొరుకుతూ, మొహం కందగడ్డ చేసుకుని, ఒక కాలు తర్వాత ఒక కాలు ఈడుస్తోంది. ఎంత కోపముంటే అలా ఉంటుంది చెప్పండి?"

మా అందరిలోకీ పెద్దది మాల్సూన్ అవ్వ. డెబ్బై తొమ్మిదేళ్లు. ఇప్పటికీ మునుగుతుంది. నిప్పులో చిలగడదుంప తిప్పుతున్నదల్లా ఆగింది.

"కోపమా, నీ మొహమా! ఒసేయ్ చున్‌వా, సంగ్‌ఊ కడుపులో ఉండగా నువ్వెలా లేచేదానివే?"

చున్‌వా అటూ ఇటూ చూసింది.

"చెప్పవే. ఇక్కడ మగాళ్లెవరూ లేరులే."

"తాడు..." అంది చున్‌వా. "తలుపు కొక్కేనికి తాడు కట్టుకుని, అది పట్టుకు లేచేదాన్ని, పెద్దక్కా. పక్కకి తిరిగితే తొడలు రెండూ చీలిపోతున్నట్టుండేది."

"మరి తొమ్మిదో నెల దాకా మునిగానని డప్పు కొట్టుకుంటావుగా?"

"నీళ్లలో నొప్పి ఉండేది కాదు మరి. నీళ్లు మోసేవి నన్ను. అందుకే పరిగెత్తుకొచ్చేదాన్ని. ఇంటికెళ్లి పడుకోవాలంటే ఏడుపొచ్చేది."

అంతే! నిప్పు చుట్టూ గోలైపోయింది. "నాకూ అంతేనే!" అని ఒకతె. "నేను మూడు నెలలు గోడకానుకునే నిద్రపోయాను" అని ఇంకొకతె. నలభై ఏళ్లుగా ఒకే నిప్పు కాచుకుంటున్న వాళ్లం, ఒకరి సంగతి ఒకరికి తెలీదు! సిగ్గూ నవ్వూ ఒకేసారి వచ్చాయి మాకు. చున్‌వా మాత్రం నవ్వలేదు. "అయ్యో, ఆ పిల్లకి ఊపిరి బిగబట్టమని చెప్పింది నేనే" అని నెత్తి కొట్టుకుంది.

"ఏడుపు తర్వాత. పద!" అంది అవ్వ.

తడి జుట్టుతో, రబ్బరు దుస్తులతో ఏడుగురం ఇంటి మీదకు వెళ్లాం. దాన్‌బీ బెదిరిపోయింది. అవ్వ ఎవరినీ పలకరించకుండా పెరట్లో నాచు ఆరబెట్టే చాప మీద వెల్లకిలా పడుకుంది.

"ఇలా చూడు పిల్లా. మోకాళ్లు రెండూ ముడుచుకో. రెంటినీ కలిపి పెట్టు. విడదీశావో, నొప్పిని పిలిచి పీట వేసినట్టే. మధ్యలో దిండు పెట్టుకో." దిండు లేక, తను నీళ్లలో పట్టుకుని తేలే నారింజ రంగు బంతిని మోకాళ్ల మధ్య ఇరికించుకుంది. "ఇప్పుడు భుజాలూ, నడుమూ, మోకాళ్లూ అన్నీ ఒక్కసారే తిరగాలి, దుంగ దొర్లినట్టు. తిరిగేటప్పుడు ఊపిరి వదులు. బిగబట్టకు!"

అని, పెదాలు సున్నాలా చుట్టి, నీళ్లలోంచి పైకి తేలినప్పుడు మేము వదిలే ఊపిరి ఈల వేసింది. హువీయ్... అని. ఆ ఈలతో పాటే పక్కకి దొర్లింది. బంతి జారి కోళ్ల మధ్యకు పోయింది. కోళ్లు కకావికలయ్యాయి. దాన్‌బీ పకపకా నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడ్చింది.

"నాకొక్కదానికే అనుకున్నాను అవ్వా. బిడ్డకేదో అయిందనుకున్నాను."

చున్‌వా వెళ్లి కోడలి పక్కన కూర్చుంది. "నీకొక్కదానికే కాదే తల్లీ. నాకూ ఉండేది. చెప్పకుండా గొప్పలకు పోయాను. తప్పు నాదే."

మర్నాడే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఈసారి "ఏమైనా ఇబ్బందా?" అన్న ప్రశ్నకి అత్తాకోడళ్లిద్దరూ ఒకేసారి మొదలెట్టారట! డాక్టరమ్మ పరీక్ష చేసి బిడ్డ నిక్షేపంగా ఉందంది. కటి కీళ్ల నొప్పి చాలామంది గర్భిణులకు వస్తుందని, చెబితే చేయగలిగింది చాలా ఉందని చెప్పి, నొప్పి పెరగకుండా కదలడం నేర్పేవాళ్ల దగ్గరికి పంపింది. తుంటికి కట్టుకునే గుడ్డ పట్టీ ఇచ్చారు. చున్‌వా తన సీసపు గుండ్ల పట్టీ పక్కన దాన్ని వేలాడదీసి, "నాది మునగడానికి, నీది దొర్లడానికి" అంది. నొప్పి పూర్తిగా పోలేదు. కానీ అరగంట పనల్లా అయిదు నిమిషాలకొచ్చింది. ఆదివారం సంచి సర్దింది దాన్‌బీ కాదు, తెగూలో ఉన్న వాళ్లమ్మ. కూతుర్ని చూడటానికి తనే ఇక్కడికొచ్చింది.

ఇప్పుడు మా వాకిట్లో రోజూ ఓ తమాషా. తెల్లవారగానే పక్కింటి గదిలోంచి హువీయ్... అని ఈల. పెరట్లోంచి చున్‌వా తిరిగి ఈల వేస్తుంది. చేతిలో గంజి గిన్నెతో పరిగెత్తుతుంది. గోడ ఇవతల నుంచి నేనూ ఓ ఈల వేస్తాను, ఊరుకోలేక.

చాప మీద దొర్లి చూపిన ఆ రోజు వెళ్తూ వెళ్తూ మాల్సూన్ అవ్వ గుమ్మంలో ఆగి అన్న మాట మీకూ చెప్పి ముగిస్తాను.

"సముద్రంలో పైకి తేలిన మనిషి ఈల వెయ్యకపోతే మనమంతా పని ఆపి అటు చూస్తాం, అవునా? మరి ఇంట్లో ఆడపిల్ల నోరు మూసుకుని పడుకుంటే మాత్రం 'ఎంత ఓర్పో' అని మెచ్చుకుంటామేమే? ఊపిరి బిగబట్టేది నీళ్లలో. నేల మీద, నొప్పి పుట్టిన చోట, నలుగురికీ వినబడేలా ఈల వెయ్యండే అమ్మా!"