చేసినవాడి కష్టం

సోమశిల చేప పొలుసు మొండిది, ఓ పట్టాన ఊడదు. ఆస్మా పెరట్లో పీట వేసుకుని బూడిద రాసి తోముతుంటే గౌస్ మొహిద్దీన్ సెల్‌ఫోను చేత్తో పట్టుకుని విసవిసా వచ్చాడు. ఆత్మకూరులో అతన్ని ఎరగనివాళ్ళు తక్కువ. బస్టాండు వెనక మేడ మీద పోలీసు పరీక్షలకూ సచివాలయం పరీక్షలకూ కోచింగ్ సెంటర్ నడుపుతాడు. ఊరంతా గౌస్ సార్ అంటుంది. ఊళ్ళో సార్ గనక ఇంట్లోనూ సారే.

"చేతులు కడుక్కొని లాప్‌టాప్ తీ. కొంప మునిగింది," అన్నాడు. "మన యాప్‌ను ఎవడో కాపీ కొట్టి గ్రూపుల్లో ఊరికే పంచతా ఉండాడు."

మన యాప్ అంటే 'గౌస్ సార్ బిట్ బ్యాంక్'. పరీక్షలకు చదివే పిల్లలు డబ్బు కట్టి ఫోన్లో దించుకుంటారు. ప్రశ్నలు, జవాబులు, మాదిరి పరీక్షలు అన్నీ అందులోనే. ఇప్పుడెవడో దాని తాళం పగలగొట్టి, గౌస్ పేరు చెరిపేసి, తన పేరు అతికించి వదిలాడు.

"డబ్బు పోతే పోయింది. నా పేరు తీసేసి వాడి పేరు వేసుకున్నాడు చూడు," అని గౌస్ ఫోను ఆమె ముఖం ముందు పెట్టాడు. "ఒకరు కష్టపడి చేసినదాని మీద ఇంకొకడు పేరేసుకునేది ఏంది? అన్నం తినే మనిషి చేసే పనేనా?"

ఆస్మా తలెత్తి మొగుడి ముఖం చూసింది. అన్న మాట అతని చెవికే తగిలిందేమోనని చూసింది. తగల్లేదు. ఆమె లేచి చేతులు కడుక్కుంది, సబ్బు పెట్టినా నీచు వాసన పోలేదు.

ఆ యాప్‌లో గౌస్‌ది ఏదైనా ఉందంటే అది తెరవగానే నవ్వే ఫోటో ఒక్కటే. మిగతాదంతా ఆస్మా చేతి పని. కంప్యూటర్ చదువు చదివి, నెల్లూరులో ఉద్యోగం వచ్చి, చేరే ముందే పెళ్ళి కుదిరింది. "పొద్దున బస్సెక్కి పోయి మాపటికొచ్చే కోడలు మాకొద్దు" అని అత్త మస్తాన్‌బీ ఒక్కమాటతో తేల్చేసింది. ఆ చదువు ఊరికే పోకూడదని మధ్యాహ్నాలు పిల్లాడి ఊయల కాలితో ఊపుతూ, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని, ఒక్కో ప్రశ్నా వెతికి రాసి, ఒక్కో తప్పూ దిద్ది, ఆ యాప్ కట్టింది. గౌస్ దాన్ని మొదటిసారి చూసి ఎంత సంబరపడ్డాడో. ఆ సంబరంలోనే తన పేరు పెట్టమన్నాడు, ఆమె కూడా సంబరంగానే పెట్టింది. సెంటర్ వార్షికోత్సవంలో శాలువా కప్పితే "పగలూ రాత్రీ కష్టపడి చేసినాను" అని మైకులో చెప్పాడు. అప్పుడు ఆస్మా వెనక గదిలో ఆడపిల్లలకు టీ గ్లాసులు అందిస్తోంది. మైకు బాగానే వినిపించింది.

ఒక్కసారి అడిగింది. కింద చిన్న అక్షరాల్లో నా పేరు కూడా వేద్దామా అని. మస్తాన్‌బీ నవ్వి, "ఇంట్లో చేసిన పనికి పేరేందే? బిరియానీ మీద నీ పేరు రాసి వడ్డిస్తావా?" అన్నది. గౌస్ నవ్వలేదు, నచ్చజెప్పాడు. అదే ఎక్కువ కష్టమనిపించింది. "మీ ఉదయగిరిలో మీ అమ్మీ చెక్కిన గరిటెలు ఎక్కడెక్కడికో పోతాయి గదా. ఒక్కదాని మీదైనా ఆమె పేరుండాదా? ఆమెకు లేని బాధ నీకేంది?"

నిజమే, పేరు లేదు. అమ్మీ బతుకంతా అరుగు మీద కూర్చుని చెక్క గరిటెలు, చెంచాలు చెక్కింది. వేళ్ళనిండా గాట్లు. అమ్మీ పోయాక గుర్తుగా ఒక్క గరిటె తెచ్చుకుందామని ఆస్మా పుట్టింటి బుట్టంతా కిందపోసింది. అందులో అమ్మీవి ఉన్నాయి, పిన్నివి ఉన్నాయి, పక్కింటివాళ్ళవి ఉన్నాయి. ఏది అమ్మీదో తెలియలేదు. ఒక్కోటీ చేతిలోకి తీసుకుని తడిమి చూసింది, తెలియలేదు. ఆ బుట్ట ముందు కూర్చుని ఏడ్చినంతగా అమ్మీ చనిపోయిన రోజున కూడా ఆమె ఏడవలేదు. అమ్మీకి ఆ బాధ లేదని గౌస్‌కు ఎవరు చెప్పారో మరి.

ఆస్మా లాప్‌టాప్ తెరవగానే, "దీనికి గట్టి తాళం వెయ్యి," అంటూ గౌస్ కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు.

దారి ఆమెకు తెలుసు. ఇకనుంచి యాప్ తెరిచిన ప్రతిసారీ, ఈ ఫోనువాళ్ళు దీన్ని కొన్నారా లేదా అని అదే అడిగి తెలుసుకుంటుంది. కొన్నవాళ్ళకు మామూలుగా తెరుచుకుంటుంది. కొననివాళ్ళకు తెర మీద ఒక హెచ్చరిక చూపించి మూతపడుతుంది. లోపల ఎవరైనా చెయ్యిపెట్టి మార్చినా అంతే. వంట మధ్యలో లేస్తూ కూర్చుంటూ ఆ పని ముగించేసరికి రెండు పూటలు పట్టింది. చివరికి హెచ్చరిక మాత్రం మిగిలింది.

"నేను చెప్తా, రాయి," అని గౌస్ గొంతు సవరించుకున్నాడు. "ఇది దొంగ కాపీ. చేసినవాడి కష్టాన్ని దోచుకోవద్దు. కొనుక్కొని వాడండి."

ఆమె అలాగే రాసింది. అతను సెంటర్‌కు వెళ్ళిపోయాడు. ఆమె పని అతను తిరిగి చూడడు, ఏనాడూ చూసింది లేదు.

చేసినవాడి కష్టాన్ని. ఆస్మా ఆ మాట దగ్గరే ఆగిపోయింది. తన చేత్తో తానే రాసింది, తప్పు లేకుండా రాసింది. తన పేరు పెడదామా అనుకుంది, ధైర్యం చాలలేదు. 'వాడి' తీసేసి 'ఆమె' అని పెట్టింది. చేసినామె కష్టాన్ని దోచుకోవద్దు. అంతే మార్చింది. కొత్త యాప్‌ను నెట్‌లోకి పంపేసింది. పంపాక గాని తట్టలేదు. డబ్బు కట్టి కొన్నవాళ్ళకు గౌస్ ఫోటోనే కనిపిస్తుంది. ఆమె సంగతి దొంగలకు తప్ప ఎవరికీ తెలియదు. తన బతుకులో ఒక్క నిజం చెబితే అది కూడా దొంగలకే చెప్పుకోవలసి వచ్చిందని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు ఏడ్చింది. తర్వాత పొయ్యి మీద ఎసరు పెట్టింది.

మరునాడు కొత్త యాప్ గౌస్ ఫోన్లోకి వచ్చింది. టిఫిన్ చేస్తూ దాన్ని కలిగిరిలో ఉన్న చెల్లెలు హఫ్సాకు పంపించాడు. ఆ పిల్ల కూడా పరీక్షకు చదువుతోంది. ఇదివరకు పాతది కూడా అలాగే పంపాడు. ఇంటివాళ్ళు ఇంటి వస్తువుకు డబ్బు కడతారా అనేది అతని మాట. ఆస్మా దోసె తిప్పుతూ చూసింది. కొననివాళ్ళకు తెరుచుకోదని చెప్పాల్సింది. చెప్పలేదు.

కాసేపటికే హఫ్సా ఫోను చేసింది. గౌస్ చెయ్యి ఎంగిలని స్పీకర్ పెట్టాడు.

"భాయ్, ఇది తెరుచుకోకుండా ఉండాది. నన్ను దొంగను చేసి ఏందో చెప్తా ఉండాది," అని ఆ పిల్ల నవ్వుతూ పైకి చదివింది. "ఇది దొంగ కాపీ. చేసినామె కష్టాన్ని దోచుకోవద్దు."

పక్కన టీ తాగుతున్న మస్తాన్‌బీ గ్లాసు దించింది. గౌస్ దోసె ముక్క తుంచబోయి ఆగి, పెళ్ళాం వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. అర్థం కాకపోవడమే ఉంది.

"అక్షరం తప్పు పడిందిలే," అన్నాడు ఫోనులోకి. "మీ భాబీ మార్చేస్తది."

"అది కాదు భాయ్," అన్నది హఫ్సా. "చేసినామె అని ఉండాదే. ఎవరామె?"

గౌస్ నోరు తెరిచేలోపు ఆస్మా స్టవ్ ఆపి, ఫోను దగ్గరికి వచ్చింది.

"నేనే, హఫ్సా," అన్నది.