ఆకుపచ్చ చొక్కా ఆరే చోటు

మూసిన గదిలో ఆరే బట్టల వాసన.

సబ్బు, తడి, కొంచెం ఉక్క. కిటికీ రెక్కలు వేసి ఉంటాయి. బయట ఎండ కాస్తున్నా సరే... వేసే ఉంటాయి.

నా చిన్నతనమంతా ఆ వాసనే.

మా ఇళ్ళ ముందు తాళ్ళ మీద తెల్ల దుప్పట్లు ఆరేవి. అమ్మ నీలం లంగాలు, నా పూల గౌన్లు ఆరేవి. ఆకుపచ్చవి ఆరేవి కావు. నాన్న చొక్కాలు వంటింట్లో, పొయ్యి పక్కన, కుర్చీల వీపుల మీద ఆరేవి. వాటి మీద మళ్ళీ ఒక తువ్వాలు.

ఎందుకని అమ్మని ఎప్పుడూ అడగలేదు. అన్ని ఇళ్ళలోనూ అంతే అనుకున్నాను.

నాన్న సివిల్ గార్డు. బాస్కు ఊళ్ళలో ఆకుపచ్చ యూనిఫారం వేసుకుని తిరిగే స్పెయిన్ పోలీసు. స్పెయిన్ నుంచి విడిపోతామని తుపాకులు పట్టినవాళ్ళ కళ్ళు ముందుగా వెతికేది ఆ రంగునే.

బడిలో ఎవరైనా అడిగితే నా జవాబు సిద్ధంగా ఉండేది — మా నాన్న ఉత్తరాలు పంచుతాడు.

ఇప్పుడు నాకు పెళ్ళయింది!

ఇంకా నెల కూడా కాలేదు. ఉంగరం వేలికి అలవాటు కాలేదు, గిన్నె తోమితే చాలు జారిపోతుంది. దాన్ని సబ్బు నురగలో వెతుక్కోవడం ఎంత బాగుంటుందో. కోల్దో కూడా వచ్చి చేతులు ముంచుతాడు. ఉంగరం దొరికినా ఇద్దరం ఇంకా వెతుకుతూనే ఉంటాం.

కోల్దో బాస్కువాడు. మాడ్రిడ్‌లో కాలేజీలో కలిశాం. నా పేరు బెలెన్ అని ముందు తెలుసుకున్నాడు. మా నాన్న ఎవరో తరవాత తెలుసుకున్నాడు. ఆ సాయంత్రం చాలాసేపు నా పక్కన నడిచాడు. నడుస్తూనే ఉన్నాడు... వెళ్ళిపోలేదు.

అందుకే పెళ్ళి చేసుకున్నాను.

వాళ్ళ నాయనమ్మ పెళ్ళికి రాలేకపోయింది. కొండ మీది ఇల్లు, ముసలి మోకాళ్ళు. మనవడి పెళ్ళాన్ని చూపించకపోతే ఊరుకోనంది.

నాన్నకి ఫోన్ చేశాను. ఇప్పుడు బాస్కు కొండల అవతల, రియోహాలో ఒక చిన్న ఊళ్ళో పనిచేస్తున్నాడు. ఈ చలికాలంతో ఉద్యోగం ముగుస్తుంది. ఆ ఇంటి అడ్రసు చుట్టాల్లో కూడా అందరికీ తెలియదు.

కోల్దో నాయనమ్మని చూడటానికి వెళ్తున్నామని చెప్పాను. విని అన్నాడు —

"వెళ్ళమ్మా. వచ్చేటప్పుడు మధ్యాహ్నం భోజనానికి ఇటు రండి, మిరపకాయలు కాలుస్తాను. బండి ఆగిన చోటల్లా..."

"తాళం జారవిడుస్తాను నాన్నా."

తాళం జారవిడవాలి. తీసుకోవడానికి వంగాలి. వంగినప్పుడు బండి కింద చూడాలి. బాంబు తీగలు, డబ్బా, ఏదైనా. చూసేవాళ్ళకి మాత్రం... తాళం పారేసుకున్న పరధ్యానపు పిల్ల.

నాకు నడక ఎప్పుడు వచ్చిందో గుర్తులేదు. ఇది కూడా అంతే.

నాకోసం అంత భయం లేదు. నా వెనక ఎవరైనా వస్తే... నాన్న గుమ్మం దాకా నేనే దారి చూపించినట్టు. ఆ భయం.

దారి పొడుగునా కోల్దో పాడుతూనే ఉన్నాడు, శ్రుతి లేకుండా. కొండలు ఒకదాని భుజం మీద ఇంకొకటి వాలి నిద్రపోతున్నాయి. వాన పడుతోంది. ఇక్కడి వాన చప్పుడు చేయదు. పడుతున్నట్టు తెలియదు, తడిశాకే తెలుస్తుంది.

ప్రతి ఊరి గోడ మీదా ఆ మూడక్షరాలు, తుపాకులు పట్టినవాళ్ళ పేరు. కొత్త రంగుతో.

నేను పాట మీద మనసు పెట్టాను.

ఇంటి ముందు ఆగేసరికి కోల్దో బాబాయి పెల్లో గొడ్డలి భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. అడవిలో పైన్ చెట్లు కొట్టే మనిషి, తలుపంత వెడల్పు.

"ఓహో, మాడ్రిడ్ నంబరు! కోళ్ళు కూడా లోపలికి పరుగెత్తాయి చూడండి."

"నోర్ముయ్యరా," అంది లోపల్నించి ముసలి గొంతు. "పిల్ల తడుస్తోంది."

"ఈ వానకి ఎవరు తడుస్తారమ్మా? మేఘం చీదింది, అంతే."

నవ్వాను. నిజంగానే నవ్వొచ్చింది. తలుపు మీద ఎండిన పెద్ద ముళ్ళపువ్వు కొట్టి ఉంది, చెడు లోపలికి రాకుండా. దాని కింద నుంచి తల వంచి లోపలికి వెళ్ళాను.

నాయనమ్మ పేరు ఇనాషియా. అందరూ అమొనా అంటారు, వాళ్ళ భాషలో నాయనమ్మ అని. నా చెంపలు పట్టుకుని ఇటు తిప్పి, అటు తిప్పి చూసింది.

"సన్నంగా ఉన్నావు. పారిపోయే రకంలా ఉన్నావు. కొత్త పిల్లిని తెస్తే పొయ్యి మీది గొలుసు చుట్టూ తిప్పుతాం, ఇల్లు వదలకుండా. రా, నిన్నూ తిప్పుతాను."

చెయ్యి పట్టుకుని నిజంగానే తిప్పింది. మసి పట్టిన పాత గొలుసు, కుండ తగిలించేది. దాని చుట్టూ మేమిద్దరం... ఒకటి, రెండు, మూడు. కోల్దో చప్పట్లు కొట్టాడు. నాకు తల తిరిగింది, సంతోషంతో.

తిరుగుతున్నప్పుడే కనిపించింది ఆ ఫోటో.

గోడ మీద ఒక కుర్రవాడు. కోల్దో నవ్వే.

ఉనాయ్. పెల్లో కొడుకు. ఆ మూడక్షరాలవాళ్ళలో ఒకడని ఎక్కడో దక్షిణాన జైల్లో ఉన్నాడు. దేశం ఈ చివరి నుంచి ఆ చివరికి పెల్లో వెళ్ళి, అద్దం అవతల కొడుకుని కాసేపు చూసి వస్తాడు. తెల్లవారుజామున వచ్చి పట్టుకుపోయారట. ఈ వంటింట్లోంచే.

ఆకుపచ్చవాళ్ళు.

ఇదంతా కోల్దో ముందే చెప్పాడు. చెప్పడం వేరు. గోడ మీంచి అతను నన్ను చూడటం వేరు.

భోజనాల దగ్గర గొర్రె పాల పెరుగు పెట్టారు. అడుగంటిన కమ్మని వాసన. పైన తేనె. ప్రపంచంలో ఇంత మంచిది ఇంకేమీ లేదనుకుంటూ చెంచా నోట్లో పెట్టుకున్నాను.

"మీ నాన్న ఏం చేస్తాడమ్మాయ్?" అన్నాడు పెల్లో.

కోల్దో చెంచా ఆగిపోయింది.

"ఉత్తరాలు పంచుతాడండీ."

"అలాగా! అయితే మా వాడి ఉత్తరాలు ఎవరు విప్పి చదువుతున్నారో, చదివి నవ్వుకుని ఎప్పటికి పంపుతున్నారో ఓసారి కనుక్కోమను."

పెద్దగా నవ్వాడు. నేనూ నవ్వాను. రుచి తెలియకుండానే గిన్నె ఖాళీ చేశాను.

తెల్లారేసరికి ఎండ.

ఎండ! ఈ ఊళ్ళో ఎండ అంటే పండగ. తడి గడ్డి మెరుస్తోంది, ఎక్కడో గొర్రెల గంటలు. అమొనా ఉతికిన బట్టల గంప నా నడుముకి తగిలించింది.

"నీ చేతి మహిమ ఏపాటిదో చూద్దాం. ఎండ ఎంతసేపు నిలబెడతావో."

నోట్లో క్లిప్పులు. చేతుల నిండా దుప్పట్లు. గాలికి దుప్పటి ఉబ్బితే దాని వెనక నుంచి కోల్దో, దుప్పటితో సహా నన్ను కావలించుకుని, తడి గుడ్డ మీదే ముద్దు పెట్టాడు. చెంప మీద సబ్బు చల్లదనం. భయం ఎక్కడికి పోయిందో తెలియలేదు.

పాడుకుంటూ ఆరేశాను. పాడుకుంటూ లోపలికీ బయటికీ తిరిగాను. గంప ఖాళీ అయింది.

వంటింట్లోకి వచ్చేసరికి...

అమొనా పొయ్యి ముందు నిలబడి ఉంది. కదలడం లేదు.

కుర్చీ వీపు మీద పెల్లో అడవి చొక్కా. ఆకుపచ్చది. దాని మీద ఒక తువ్వాలు.

ఎవరు వేశారు?

నేనే.

ఎప్పుడు?

నాకు తెలియదు. నా చేతులకే తెలుసు.

చొక్కా అంచు నుంచి నీళ్ళు... చుక్క. చుక్క.

"గార్డుల క్వార్టర్సుకి పాలు పోసేదాన్ని," అంది అమొనా, తువ్వాలు కొస ఎత్తి చూస్తూ. "చాలా ఏళ్ళ కిందట. ఎన్ని తాళ్ళు చూశానో. ఒక్క ఆకుపచ్చ గుడ్డ ఉండేది కాదు. వీళ్ళు ఆ బట్టలు ఎక్కడ ఆరేసుకుంటారా అనుకునేదాన్ని."

తువ్వాలు రెండో కొస నేను పట్టుకున్నాను.

"కోల్దోకి తెలుసా?"

తల ఊపాను.

"పెల్లోకి?"

తల అడ్డంగా తిప్పాను.

"గార్డులకి పాలు పోస్తున్నానని నా గోడ మీద రాత్రికి రాత్రి ఎవరో నా పేరు రాశారు. ఆ మర్నాటి నుంచి పాలు పోయడం మానేశాను. అక్కడ ఒక బుజ్జిది ఉండేది. గిన్నె పట్టుకుని వాకిట్లో నిలబడేది. ఎన్నాళ్ళు నిలబడిందో..."

నేను కాదు. మాది వేరే ఊరు. అయినా ఆ గిన్నె నా చేతుల్లో ఉన్నట్టే అనిపించింది.

బయట ఈల. గుమ్మం వైపు వస్తున్న ఈల.

అమొనా చొక్కా లాగి ఏప్రాన్ కింద చుట్టేసుకుంది.

"నా చొక్కా ఏదమ్మా?"

"గంపలో మిగిలిపోయింది. ఆరేయడానికే పోతున్నా."

పెల్లో నన్ను చూశాడు. కుర్చీని చూశాడు. కుర్చీ కింద నేల మీద చిన్న తడి మడుగు.

"కుర్చీ ఏడుస్తోందేం?"

అని, మళ్ళీ ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు.

అన్నింటికీ వేళాకోళమాడే మనిషి. ఎలా తెలుస్తుంది? వేళాకోళం ఎక్కడ ఆగిందో... ఎలా తెలుస్తుంది?

అమొనా నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి, తాడుకి సరిగ్గా మధ్యలో, రోడ్డు మీద పోయేవాళ్ళందరికీ కనబడేలా ఆ చొక్కా ఆరేసింది. చేతులు చాపి నిలబడిన మనిషిలా ఉంది అది.

"ఈ ఇంట్లో ఆకుపచ్చవి బయటే ఆరతాయి. గుర్తుపెట్టుకో."

దయా? హెచ్చరికా? ఆమె కళ్ళలో వెతికాను. వాన రంగు కళ్ళు. దొరకలేదు.

మబ్బు మళ్ళీ కమ్ముకుంది. బయల్దేరదాం అన్నాను. నా గొంతు విని కోల్దో ఎందుకని అడగలేదు.

బండి తళతళలాడుతోంది.

"నంబరు మట్టికొట్టుకుపోయింది," అన్నాడు పెల్లో, గుడ్డ పిండుతూ. "కడిగాను. ఇక ఎంత దూరం నుంచైనా కనబడుతుంది."

ఎప్పుడు కడిగాడు? ఎంతసేపు ఉన్నాడు బండి దగ్గర?

"ఎటు పోతున్నారు?"

"సముద్రం వైపు," అన్నాడు కోల్దో. అబద్ధం చెప్పడం అతనికి రాదు. చెవులు ఎర్రబడతాయి. ఆ చెవులంటే నాకెంత ఇష్టమో... ఇవాళ వాటిని అరచేతులతో మూసేయాలనిపించింది.

"ఈ వానలో స్నానమా? కొత్త మొగుడివి కదా, ఏదైనా చేస్తావు!"

తాళం నా చేతిలోంచి జారింది.

నేను జారవిడవలేదు. చెయ్యే వదిలేసింది.

బురదలో పడింది. పెల్లో చూస్తున్నాడు. వంగితే — నేనెవరి కూతురినో తెలిసిపోతుంది. వంగకపోతే — కోల్దో తాళం తీసుకుని తిప్పేస్తాడు. కడిగిన బండి. ఎంతసేపు ఉన్నాడో తెలియని మనిషి. తాళం తిప్పితే...

అప్పుడు అమొనా వంగింది.

ఒక చెయ్యి మోకాలి మీద. ఒక చెయ్యి బండి తలుపు మీద. మెల్లగా, మెల్లగా, తలగుడ్డ అంచు బురదకి తగిలేదాకా. తాళం అందింది. అందినా లేవలేదు. ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా, ముందు నుంచి వెనక దాకా... చూసింది. కన్నకొడుకు కళ్ళ ముందు.

పెల్లో ఈల ఆగిపోయింది.

"అమ్మా. నడుం పట్టేస్తుంది. లే."

ఆ గొంతులో వేళాకోళం లేదు.

లేచింది. నా వైపు కాదు, కొడుకు వైపు చూస్తూ అంది — "బురదే ఉంది."

తాళం నా అరచేతిలో పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటే మూసింది.

"గొలుసు చుట్టూ తిప్పానుగా. మళ్ళీ రా పిల్లా."

నా కోసం చూసిందా... కొడుకు కోసం చూసిందా.

కోల్దో తాళం తిప్పాడు. నేను కళ్ళు మూసుకున్నాను.

ఇంజను మామూలుగా దగ్గింది. ఎంత అందమైన చప్పుడు!

వాన మొదలైంది. చప్పుడు లేని వాన.

కొండ దిగువన దారి చీలుతుంది. ఎడమకి సముద్రం. కుడికి నాన్న. ఈపాటికి మిరపకాయలు నిప్పుల మీద వేసి ఉంటాడు. తొక్క నల్లబడుతుంటే కిటికీ లోంచి దారి చూస్తూ ఉంటాడు.

అద్దంలో ఆ ఇల్లు కనిపిస్తోంది. అమొనా తెల్లవి తీస్తోంది — ఒక దుప్పటి, ఇంకో దుప్పటి. ఆకుపచ్చది తీయలేదు. దాని పక్కన పెల్లో. చేతులు కట్టుకుని... ఇటే చూస్తున్నాడు.

అక్కడి నుంచి చీలిక కనబడుతుంది, మేం ఎటు తిరిగామో కూడా.

కోల్దో బండి ఆపాడు. గేరు మీద అతని చెయ్యి, దాని మీద నా చెయ్యి, వదులుగా ఉంగరం.

"ఎటు?" అన్నాడు.

కిటికీ అద్దాలు నాలుగూ మూసి ఉన్నాయి. నా చేతులకి తడి, జాకెట్టుకి తడి, జుట్టుకి తడి. ఇంజను వేడికి మెల్లగా...

మూసిన బండిలో, ఆరుతున్న బట్టల వాసన.