గడ్డిలో మూడు గుడ్లు

నా ఉసురు ఎప్పటికో తగలకపోతుందా అని దేవుడి మీద భారం వేసి కూర్చునే రకం కాదు నేను.

ఐర్లండ్‌లో ఎన్నిస్ ఊరి బయట మేం అద్దెకుంటున్న ఇంటి యజమాని కాన్. పశువులున్న రైతు. తన కూతురు ఇక్కడికి మారుతుందని, మే నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేయమన్నాడు. జూన్‌లో మా యోగితకి స్కూలు చివరి పరీక్షలు. అవయ్యేదాకా ఆగమని బతిమాలాను. నవ్వుతూనే కుదరదన్నాడు. మర్నాడు అదే ఇల్లు అద్దెకిస్తామని ఆన్‌లైన్‌లో ప్రకటన! తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే.

"ఇట్స్ గ్రాండ్, మామ్" అంది యోగిత, ఏం పర్లేదని ఇక్కడివాళ్ళ యాసలో. ఏం గ్రాండ్, నా మొహం! దాని పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుతుంటే నా కడుపు మండిపోయింది.

పక్కింటి నోరాకి ఎనభై ఏళ్ళు. చలికాలంలో ఓసారి టీ తాగుతూ చెప్పింది. పూర్వం ఇక్కడ పగబట్టినవాళ్ళు శత్రువు గడ్డిలో పచ్చి గుడ్లు దాచేవారట. అవి కుళ్ళేకొద్దీ ఆ ఇంటి అదృష్టమూ కుళ్ళుతుందట. మే ఒకటిన పెడితే మరీ గట్టిగా పట్టుకుంటుందట. మన చేతబడికి చుట్టమే అనుకున్నాను.

మే ఒకటిన కాన్ పశువుల సంతకి వెళ్ళగానే, అతని కొట్టంలో గడ్డి కింద మూడు గుడ్లు పెట్టి వచ్చాను. వారం తిరక్కుండా దూడ చచ్చింది. నిమోనియా అన్నాడట పశువుల డాక్టరు. ఏదైతేనేం, నా కడుపు చల్లబడింది.

మర్నాడు గడ్డి తీస్తుంటే కాన్‌కి గుడ్లు దొరికాయి. పాలిపోయిన మొహంతో మా గుమ్మంలో నిలబడ్డాడు.

"కొట్టం వైపు ఎవరైనా వెళ్ళడం చూశారా?"

"లేదు."

"నోరానే అయ్యుంటుంది. ఇలాంటివి చేస్తుందని వాళ్ళమ్మకీ పేరుండేది. ఇలాంటి కీడు జరిగినప్పుడు కొత్తవాళ్ళని గడప తొక్కనివ్వకూడదు. జూన్ అంతా మీరే ఉండండి."

నోరు తెరిస్తే ఇల్లు పోతుంది. తెరవలేదు.

ప్రతి గురువారం నోరాని ఆసుపత్రికి తీసుకెళ్ళేది కాన్. ఆ వారం రాలేదు. నాకు సిగ్గేసింది. కారు తాళాలు తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను.

"నేను తీసుకెళ్తాను, రండి."

"నీ కారెక్కను" అంది నోరా, కోటు గుండీలు పెట్టుకుంటూ. "కాన్ వచ్చి నన్ను నిందించి వెళ్ళాడు. గుడ్ల సంగతి నేను చెప్పింది నీ ఒక్కదానికే."

తాళాలు జేబులో వేసుకున్నాను.

"పిల్ల పరీక్షలు చెడగొట్టను. చివరి పేపర్ ఎప్పుడో చెప్పు. ఆ తర్వాత నా వంతు."

జూన్ పంతొమ్మిది అన్నాను. గోడ మీది క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ పెన్నుతో గట్టిగా సున్నా చుట్టింది.