బండి తప్పించిన పొత్రం

ఐలమ్మ మొగుడి సంచి సర్దుతోంది. అడుగున రెండు లుంగీలు, వాటి మీద తువ్వాల, తువ్వాల మడతల్లో పచ్చడి నూరే పొత్రం. పైన సకినాల డబ్బా పెట్టి, జిప్పు లాగి, ఏమీ ఎరగనట్టు చేతులు దులుపుకుంది.

రాజమల్లు గుమ్మంలో కూర్చుని ఆయాసపడుతున్నాడు. నలభై ఏళ్లకే అతని పొట్ట ముందు నడిచేది, అతను వెనక నడిచేవాడు. పగలంతా మరమగ్గాల మధ్య నిలబడటం, మాటిమాటికీ తీపి చాయ్, షిఫ్టు దిగగానే ఆకు నిండా నూనె కారే శనగపిండి లోచో. ఒంట్లో షుగర్ చేరింది, ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. "ఊరికి పోయి జర గాలి మార్చుకో" అన్నారు తోటి మగ్గాలవాళ్లు. సూరత్ పాండేసరలో తెలుగువాళ్ల రివాజే అది. ఒళ్లు చెడితే మందు కన్నా ముందు ఊరి బండి గుర్తొస్తుంది.

ఆ బండి పేరెత్తితేనే ఐలమ్మకు భయం. గాలి మార్చుకోవడానికి వెళ్లిన ఆమె అన్న తిరిగి రాలేదు, అక్కడే కన్నుమూశాడు. ఎదురింటి కొమురవ్వ మొగుడూ అంతే, తిరిగి రాలేదు. మొగుణ్ని వద్దంటే వినడు, ఏడిస్తే ఇంకా వినడు. ఇక మిగిలింది పొత్రమే.

సాగనంపడానికి ఐలమ్మ స్టేషన్ దాకా వెంట వచ్చింది. వంతెన మెట్లు సగం ఎక్కేసరికి రాజమల్లు కూలబడ్డాడు. నెత్తిన మూటతో ఒక ముసలమ్మ అతన్ని దాటిపోతూ "ఉఠో బేటా, ఉఠో" అని నవ్వింది. కింద వరంగల్ బండి కూత పెట్టి కదిలిపోయింది. చెమట తుడుచుకుందామని తువ్వాల లాగితే పొత్రం దొర్లి ఒళ్లో పడింది.

"ఏందే ఇది?"

"పొత్రం."

"ఊర్లె పొత్రాల్లేవా?"

"మీ అవ్వకు సూరత్ పొత్రం చూపియ్యొద్దా?"

"నన్ను సంపుదామనుకున్నవా?"

"సంపేదాన్నయితె తేలిక సంచి ఇచ్చి బండెక్కిస్తుంటి."

రాజమల్లుకు బండి పోయినందుకు కాదు, ముసలమ్మ నవ్వినందుకు మండింది. ఐలమ్మ ఆ మంట మీద ఇంత నూనె పోసింది. "ఇదే సంచితోటి మన గల్లీ పక్క పట్టాల మీది వంతెన ఆగకుండ ఎక్కు. ఎక్కిన్నాడు నేనే టికెట్ తెస్త. అప్పటిదాక ఊరు మాటెత్తకు."

"దాందేముంది, వారంల ఎక్కుత."

వారంలో ఎక్కలేదు. తెల్లవారగానే సంచి భుజానికేసుకుని వెళ్లేవాడు, నాలుక వేలాడేసుకుని వచ్చేవాడు. నెలలు గడిచేకొద్దీ మొదటి మలుపు దాటాడు, రెండోది దాటాడు. రేపో మాపో పైకి చేరతాడనగా ఐలమ్మ సంచిలోకి సగం ఇటుక జారవిడిచింది.

"ఇయ్యాల మెట్లు నిటారు అయినయే" అన్నాడతను వచ్చి.

"రాత్రి లోచో తిన్నవు. గిట్లనే అయితది."

మర్నాటి నుంచి లోచో బంద్. మళ్లీ దగ్గరికొచ్చాడు, మళ్లీ ఇంకో ఇటుక ముక్క పడింది. ఈసారి తప్పు చాయ్ మీద పడింది. అట్లా తినేవీ తాగేవీ ఒక్కొక్కటే జారిపోయాయి, వాటితో పాటు పొట్టా జారింది. చివరకు ఒకరోజు ఆగకుండా ఎక్కి, దిగి, గంతులేస్తూ వచ్చాడు. "షుగర్ దిగింది, ఏం తింటున్నవ్?" అని డాక్టర్ అడిగితే "మా ఆడది నన్ను గాడిదను చేసింది సాబ్" అన్నాడు.

"టికెట్ తేవాల్నా?" అంది ఐలమ్మ, బిక్కుబిక్కుమంటూ.

"దేనికి? గాలి ఈడ బాగనే ఉన్నది."

ఆ తర్వాత ఆల్థాన్‌లోని ఒక జిమ్‌లో ఊడ్చే పనికి చేరాడు. సేఠ్‌లకు బరువులు అందించి అందించి, ఆ విద్య నేర్చుకుని, పరీక్ష రాసి ట్రైనర్ అయ్యాడు. ఇప్పుడక్కడ అందరికీ రాజుభాయ్. చీరల సేఠ్ రొప్పుతూ "కేట్లు వజన్ ఛే?" అని బరువెంతో అడిగితే, ఏడు కిలోలు చేతికిచ్చి "పాంచ్, సేఠ్, బస్ పాంచ్" అంటాడు. ఇంటికొచ్చి చెప్పి పడీపడీ నవ్వుతాడు. "ఎవరు నేర్పిన్రో!" అంటుంది ఐలమ్మ.

గల్లీలోనే ఐలమ్మకు తమ్ముడి వరస లింగమూర్తి ఉండేవాడు. అతనూ మగ్గం మనిషే. పాదాలు వాచాయి, పొట్ట ఉబ్బింది, మనిషి వడిలిపోయాడు. రాజమల్లు అతన్ని ఆస్పత్రిలో చూపించాడు, మెల్లగా నడిపిద్దామని వంతెన దాకా తీసుకుపోయాడు. లింగమూర్తి రెండు పొద్దులు వచ్చి మూడో పొద్దు ముసుగుతన్ని పడుకున్నాడు.

"బావా, నువ్వు వదిలిన పొట్ట ఎటువోయె? వచ్చి నా మీద వడ్డది" అని నవ్వేవాడు. మందులు కూడా సగంలో మానేసి ఊరికి సంచి సర్దుకున్నాడు.

"తమ్మీ, జర ఆగు. బావ చెప్పినట్టు ఇను" అని ఐలమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"పది రోజులే అక్కా. గాలి మార్చుకొని వస్త."

"సంచి ఇటియ్యి, తొవ్వలకు ఇన్ని రొట్టెలు వెడత."

ఆమె పొత్రం కథ గల్లీ అంతటికీ తెలుసు. లింగమూర్తి సంచి గుండెలకు హత్తుకున్నాడు. "నీ చేతికా! రొట్టెలు నా చేతుల వెట్టు" అని పకపకా నవ్వాడు. రాజమల్లు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. ఐలమ్మ రొట్టెలు చేతికిచ్చింది.

నిరుడు ఆషాఢంలో లింగమూర్తి ఊరి బండెక్కాడు. తిరిగి రాలేదు.