సగటుకిచ్చిన పాయింట్లు

ఆ ఏడు చలి తగ్గేనాటికి నా చేతిలో మూడు ఉన్నాయి. ఎల్క్ అనే పెద్ద దుప్పి వేటకు ఇరవై పాయింట్లు, నేను తప్ప ఎవరూ తొక్కని ఒక లోయ, థేన్ అనే స్నేహితుడు.

అమెరికాలో మా యూటా రాష్ట్రంలో పెద్ద ఎల్క్ పోతులు తిరిగే అడవులకు ఏటా ఇచ్చే ట్యాగులు, అంటే ఒక్క జంతువును కొట్టుకోవడానికి అనుమతి చీటీలు, కొద్ది. అందరూ దరఖాస్తు పెడతారు, లాటరీ తీస్తారు. ట్యాగ్ రానివాడికి ఒక పాయింట్ కలుస్తుంది. పాయింట్లు పెరిగేకొద్దీ వంతు దగ్గరవుతుంది. ట్యాగ్ వచ్చిందా, పాయింట్లన్నీ సున్నా. పైగా అయిదేళ్లు మళ్లీ అడగడానికి లేదు. పశువుల్ని తరలించే పాత ట్రైలర్లు బాగుచేసి అమ్ముకునేవాణ్ని, అరవై దాటినవాణ్ని. ఈ సరుకు ఒక్కసారే అమ్ముడవుతుందని నాకు తెలుసు.

జంటగా దరఖాస్తు పెడితే ఇద్దరి పాయింట్లూ కలిపి సగటు కడతారు. థేన్‌కి రెండే ఉన్నాయి. అయినా మా కొట్టుకొచ్చి టైరు మీద కూర్చున్నాడు.

"ఒరే వెర్ల్, నా మోకాలు పోయిందిరా. చలికాలంలో కోసి కొత్తది పెడతారట. ఆ తర్వాత నేను కొండెక్కేదీ లేదు, చచ్చేదీ లేదు. ఒక్కసారి నీతో కలిసి వెళ్లాలనుంది."

"నావి సగానికి పడిపోతాయి కదరా."

"పడితే పడనీ. పాయింట్లతో కూర వండుకుంటావా?"

రాత్రి అన్నాల దగ్గర చెబితే మా ఆవిడ నోలా ఫోర్కు పక్కన పెట్టింది. "ఇరుసు కిందకి దూరి చూడకుండా పాత ట్రైలర్ కొనవు. అతని మోకాలు చూశావా?"

"స్నేహితుడి మోకాలు చూస్తారటే?"

జంటగానే పెట్టాం. అదృష్టం కొద్దీ ఇద్దరికీ ట్యాగులు వచ్చాయి. ఆగస్టులో థేన్‌ని తీసుకెళ్లి గట్టు మీంచి లోయ చూపించాను. ఏడేసి చీలికల కొమ్ములున్న పోతు నీళ్లకు దిగే చోటు చూపించాను. మోకాలికి సులువని వెనక వైపు దారి కూడా చెప్పాను.

జంటగా ట్యాగ్ తీసుకున్నవాళ్లు మొదటి రోజు కలిసే కొండెక్కుతారు. అది మా దగ్గర కట్టుబాటు. నేను ముందే వెళ్లి గుడారం వేశాను. నేను ఇంటి దగ్గర బయలుదేరేముందే థేన్ ఫోన్ చేశాడు.

"మోకాలు వాచిందిరా. మొదటి రోజు సాయంత్రానికి మా అల్లుడు దింపుతాడు. నేనొచ్చేదాకా లోయలోకి దిగకు, నీ వాసనకి ఆ పోతు బెదిరిపోతుంది."

సరేనన్నాను. వేట మొదలైన ఉదయం పోతులు కూస్తుంటే, తుపాకీ సంచిలోనే ఉంచి కాఫీ కాచుకుంటూ కూర్చున్నాను. ఎండ ఎక్కాక లోయలోంచి ఒకే ఒక్క గుండు మోగింది.

ఎవరో దారి తప్పి వచ్చుంటారనుకుని దిగాను. నీళ్ల పక్కన ఆ పోతు పడివుంది. థేన్ మోకాళ్ల మీద కూర్చుని చర్మం ఒలుస్తున్నాడు. అల్లుడు కోల్బీ దాని కాలు పట్టుకుని లాగుతున్నాడు.

"మోకాలెలా ఉంది?" అన్నాను.

థేన్ కత్తి ఆపలేదు. కోల్బీ నవ్వాడు. "ఏ మోకాలు, వెర్ల్ బాబాయ్? వెనక దారిలో నన్ను పరుగెత్తించి చంపాడు ఈయన. ఇంతకీ మీకు ఒంట్లో బాలేదని చెప్పాడే?"

థేన్ కత్తి తుడుచుకున్నాడు. "పాయింట్లు నీవి, లోయ నీది. నువ్వు పక్కనుంటే మొదటి గుండు కూడా నీదే అయ్యేది. నాకేం మిగిలేదిరా, నీ మూట మోయడమేగా?"

"మొదటి గుండు నీకే ఇద్దామనుకున్నాను," అన్నాను.

అది నిజం. మోకాలు కోయించుకోబోయేవాడికి ముందు అవకాశం ఇవ్వాలని ఇంటి దగ్గరే అనుకున్నాను. థేన్ నా ముఖం చూశాడు. నమ్మాడని తెలిసింది. మళ్లీ వంగి ఒలవడం మొదలుపెట్టాడు.

సెప్టెంబరు ఎండకి మాంసం ఆగదు. ఎవరు కొట్టినా, దగ్గరున్నవాడు మోయకుండా పోకూడదు. వెనక తొడ ఒకటి భుజానికెత్తుకున్నాను. వాళ్ల బండి దాకా ముగ్గురం మోశాం.

థేన్ ఆ తొడని బండిలో తెచ్చి నా గుడారం దగ్గర దింపించాడు. "నీ వాటా," అన్నాడు. వద్దనలేదు. మోసిన కూలి అది.

మిగిలిన రోజులన్నీ తిరిగాను. లోయలో మందలు చెదిరిపోయాయి. కనబడ్డ పోతుకి గురి కుదరలేదు. ట్యాగ్ మడత విప్పకుండానే గడువు తీరింది. పాయింట్లు సున్నా. లోయ ఇప్పుడు కోల్బీకీ, వాడి స్నేహితులకీ తెలుసు. థేన్ కొట్టుకి రాడు, నేను పిలవను.

నాకు దక్కింది ఆ వెనక తొడ ఒక్కటే. నోలా ఉల్లిపాయలూ బంగాళాదుంపలూ వేసి నెమ్మదిగా ఉడికించింది. మాంసం మెత్తగా ఉంది. వృథా చేయకుండా అంతా తిన్నాం.